అంబాసిడర్‌కి బంతిపూల దండ

రామచంద్రపురంలో ఏ విందుకెళ్ళినా మా బావగారిది, అంటే మా ఆయన అన్నగారిది, ఒకటే పాట. "నా అంబాసిడర్ పధ్నాలుగువందల ఎనభైతొమ్మిది సీసీ. నీ ఫియట్ వెయ్యి ఎనభైతొమ్మిది. అగ్గిపెట్టె!" అది మా నాన్న నాకిచ్చిన కారు. ఏళ్ళ తరబడి పళ్ళ బిగువున భరించాను.

మొన్న కార్తీకంలో రెండు కార్లలో అన్నవరం వెళ్ళాం. కొండ కింద వాహన పూజ చేయించి, బావగారు తన కారు ముందంతా బంతిపూల దండలతో కప్పేశారు.

"రేడియేటర్‌కి గాలాడదండి" అన్నాను.

"నీ అగ్గిపెట్టె సంగతి చూసుకో అమ్మాయ్!"

సగం కొండెక్కేసరికి అంబాసిడర్ ఆవిరి కక్కుతూ ఆగిపోయింది. నేను హారన్ కొట్టి మరీ దాటేశాను. వ్రతం చేసుకుని, ప్రసాదంతో దిగి వచ్చి, "అగ్గిపెట్టెలో చోటుందండి, ఎక్కుతారా?" అన్నాను. మోకాళ్ళు ముడుచుకుని వెనక కూర్చున్నారు. మా ఊరొచ్చాక దగ్గర దారి వదిలేసి, మెయిన్ రోడ్డంతా మెల్లగా తిప్పాను.

క్షమించడం మంచిదే. కాకపోతే నేను ఊరంతా తిప్పాకే క్షమించాను.