బొడ్రాయికి నీళ్లు

అబ్దుల్లాపూర్‌మెట్ దాటి లోపలికి పోతే మా తుమ్మలబావి వచ్చేది. ఇప్పుడు రాదు. పొలాలు వెంచరుకు అమ్మినవాళ్లు ఎల్బీనగర్‌కో అల్మాస్‌గూడకో చేరారు. కూలి దొరకక మిగతావాళ్లూ కదిలారు. బడి మూశారు, బస్సు ఆగింది. తాళాలేసిన ఇళ్లు వానలకు కూలాయి. చివరికి ఆ జాగాలూ అమ్ముడుపోయాయి.

అప్పుడు మా నాన్న రామచంద్రం ఊరి పెద్దగా ఒక్క పట్టు పట్టాడు. ఊరు కట్టిననాడు నడుమ పాతిన బొడ్రాయిని మాత్రం అమ్మకం కాగితంలో చేర్చొద్దన్నాడు. వెంచరు యజమాని జోగారావు నవ్వుతూ ఒప్పుకున్నాడు. అందరూ నాన్నను మెచ్చుకున్నారు. రాయి దాకా దారి రాయించుకోవాలని ఒక్కరికీ తట్టలేదు. సొంత ఊళ్లో నడవడానికి ఎవరైనా రాయించుకుంటారా?

ఎండాకాలం చివర ఆడవాళ్లు వాన కోసం బొడ్రాయికి బిందెలతో నీళ్లు పోసేవారు. ఊరు ఖాళీ అయ్యాక కూడా మా అమ్మ అనంతమ్మ పోయి పోసొచ్చేది, వెంచరు చుట్టూ గోడ లేచేదాకా. నిరుడు గుండెజబ్బుతో దవాఖానలో ఉండి వచ్చాక, ఇంకొక్కసారి పోస్తే చాలంది. ఆటోలో తీసుకెళ్లాను. గేటు దగ్గర కాపలావాడు ప్లాటు నంబరు అడిగాడు.

"ప్లాటు గాదు బిడ్డా, మాది గీ ఊరే," అంది అమ్మ.

"గీడ ఊరేం లేదు పెద్దమ్మా," అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

నాన్న జోగారావుకు ఫోన్ చేశాడు. ప్లాట్లు చూసేవాళ్ల కోసం ఆదివారం దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఉచిత బస్సు ఉందనీ, భోజనం కూడా పెడతామనీ అతను చెప్పాడట.

అలా మా అమ్మ సీసాలో నీళ్లు పట్టుకుని, ప్లాటు కొనే మనిషిగా తన ఊరికి వెళ్లింది. పక్కన నేనున్నాను. ఇదంతా ఒకప్పుడు బీడు భూమని తన్మయి అనే సేల్స్ అమ్మాయి చెబుతుంటే అమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

బొడ్రాయి పార్కులో ఉంది, చుట్టూ గొలుసు కట్టి. అమ్మ చెప్పులు విడిచి నీళ్లు పోయడం మొదలుపెట్టగానే తన్మయి అందరినీ పిలిచింది.

"చూడండి సార్, ఎంత పవర్‌ఫుల్ స్థలమో. మన కస్టమర్ ఆంటీగారు పూజ చేస్తున్నారు."

ఫోన్లు లేచాయి. అమ్మ సగంలో ఆపి సీసా మూత బిగించింది.

ఇంటికి రాగానే రాయి బాగుందా అని నాన్న ఆత్రంగా అడిగాడు.

"మంచిగనే ఉంది. నువ్వు అమ్మనన్నవు గద. గా రాయిని జూపిచ్చే ప్లాట్లు అమ్ముకుంటున్నరు."

ఆషాఢంలో అమ్మ పోయింది. పరామర్శకు వచ్చిన ఊరివాళ్లకు, బొడ్రాయిని తాను ఎట్లా కాపాడాడో నాన్న వరసగా చెబుతూ కూర్చున్నాడు. వాళ్లు తలలూపారు.