రాని మిషనుకు కట్టిన దిమ్మె

తెల్లవారగానే రంగనాయకులు తర్లుపాడు రోడ్డులోని తన పలకల ఫ్యాక్టరీ తాళం తీసి, మధ్యలో ఉన్న సిమెంటు దిమ్మెను చెంబెడు నీళ్లతో కడిగేవాడు. తుడిచి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టేవాడు. దిమ్మె మీద మాత్రం ఏమీ ఉండేది కాదు.

"దేవుడు రాకముందే అభిషేకాలు చేస్తా ఉండావు గదన్నా," అనేది పలకలకు చట్రాలు బిగించే పద్మమ్మ. అంటూనే బిందెడు నీళ్లు తెచ్చి పక్కన పెట్టేది.

రాయి కోసే మిషను విదేశం నుంచి తెప్పిస్తూ, దాని కోసం కట్టిన దిమ్మె అది. పాత మిషను ఇరుసు పగిలి, అతుకు మీద అతుకుతో నడుస్తోంది. అది ఆగిపోతే పద్మమ్మకూ, ఆమెతోటి వాళ్లకూ పని ఉండదు.

కొత్త మిషను ఓడ దిగింది ఆషాఢంలో.

"శూన్యమాసంలో కొత్త ఇనుము గడప దాటగూడదు నాయనా," అంది తల్లి వెంకటసుబ్బులమ్మ. రంగనాయకులు ఆమె మాట కాదనే మనిషి కాడు. శ్రావణ శుక్రవారం దాకా మిషను పెట్టెను రేవు గోడౌనులోనే ఉండనివ్వమని, సరుకు విడిపించే ఏజెంటుకు ఫోను చేశాడు. శ్రావణం వచ్చింది. రేవుకు పోయిన లారీ ఖాళీగా తిరిగి వచ్చింది. గోడౌనులో పెట్టె లేదు.

ఓడ వాళ్లు దించి అప్పగించామన్నారు. కస్టమ్స్ వాళ్లు తమది తనిఖీ వరకే, కాపలా గోడౌను వాళ్లదన్నారు. గోడౌను వాళ్లేమో, సరుకు తీసుకుపోవాల్సిన గడువు దాటాక పోయినదానికి తమ పూచీ లేదన్నారు.

ఒంగోలులో వకీలు కరుణాకరం మంచి మనిషి. కాగితాలు చూడకముందే అన్నం తిన్నావా అని అడిగాడు.

"సరుకు ఎవరి కాపలాలో ఉంటే వాళ్లదే పూచీ. గడువు లోపల పోయుంటే వాళ్లను గట్టిగా నిలదీయొచ్చు. దాటినాక పోయుంటే మన వాదన నిలబడేది కష్టం. ఇంతకీ ఏ రోజు పోయింది?"

"నాకెట్ల తెలుస్తాది సార్? నేనీడ ఆషాఢం పాటిస్తా ఉంటి."

"వాళ్లూ తెలీదనే అంటాండారు. వాళ్లకు తెలీకపోతే చెల్లుతాది రంగనాయకులూ, నీకు తెలీకపోతే చెల్లదు."

వాయిదాలకు తిరగడం మొదలైంది. ఒంగోలు బస్సు కండక్టరు ఓబులేసు అతని కోసం కిటికీ పక్క సీటులో తువ్వాలు వేసి ఉంచేవాడు. మిషను ఏమైందని తల్లి అడిగితే, "రేవులో కాగితాలు ఆలస్యమమ్మా," అనేవాడు రంగనాయకులు. ఆషాఢం మాట ఆమె ఎదుట ఎన్నడూ ఎత్తలేదు.

మొన్న మాఘంలో పాత మిషను ఇరుసు రెండుగా విరిగింది. మర్నాడు పొద్దున కూడా దిమ్మె కడిగి, బొట్టు పెట్టి, పక్క ఫ్యాక్టరీ చెన్నకేశవరావు దగ్గరికి వెళ్లాడు. బేరాల్లో ఇద్దరికీ ఎప్పుడూ పోటీయే. అయినా చెన్నకేశవరావు తానే లేచి, పలకల దుమ్ము దులిపి కుర్చీ వేశాడు.

"ఏంది రంగా, పొద్దున్నే పగోని గడప తొక్కినావు?"

రంగనాయకులు కూర్చోలేదు.

"అన్నా, మా పద్మమ్మనూ వాళ్లనూ నీ పనిలో పెట్టుకో. కేసు తేలి, నా మిషను వచ్చిన పొద్దు నేనే వచ్చి పిలుచుకుంటా. ఆ పొద్దు మాత్రం వాళ్లను ఆపొద్దు."