ఆకుపచ్చ బుజ్జమ్మలు

మా షాపులో టైపు చేసే ఆవిడను అందరూ అక్కా అనే పిలుస్తారు, ఆవిడ కంటే పెద్దవాళ్ళు కూడా. పక్క బల్ల దగ్గర నేను బైండింగు చేస్తాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఆవిడకు అసలు తొందరే లేదు. ఒక పేజీ అయ్యాక కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంటే గానీ రెండో పేజీ ముట్టుకోదు. చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది.

రిటైరైన టీచరమ్మ ఒకావిడ తన చిన్ననాటి సంగతులు పుస్తకంగా రాసి, అక్క చేత టైపు చేయించుకుంది. పుస్తకం నిండా ఆవిడ చెల్లెలు బుజ్జమ్మే. ఒకరోజు టీచరమ్మ కొంపలంటుకున్నట్టు వచ్చింది. చనిపోయిన తల్లి కుట్టుమిషన్‌ను బుజ్జమ్మ చెప్పాపెట్టకుండా పట్టుకుపోయిందట.

"దాని పేరు నా పుస్తకంలో కనిపించకూడదు. ఉన్నచోటల్లా తీసేసి పక్కింటి పిల్ల అని పెట్టమ్మా!"

"ఒక్కసారి ఆలోచించుకోండి టీచరమ్మా."

"ఆలోచించే వచ్చాను."

అక్క కంప్యూటరు వైపు తిరిగింది. వెతకాల్సిన చోట బుజ్జమ్మ అని, దాని కింద పక్కింటి పిల్ల అని కొట్టి, ఇంకేదో నొక్కి, 'అన్నీ మార్చు' మీద వేలు పెట్టింది. రెప్పపాటులో బుజ్జమ్మ మాయం. ప్రింటు తీసిన కాగితాలు నేనూ చూశాను. అమ్మ పక్కింటి పిల్లకు జడ వేసింది. జ్వరమొస్తే నాన్న పక్కింటి పిల్లను భుజాన వేసుకుని తిరిగాడు. నాకు నవ్వొచ్చింది గానీ, టీచరమ్మ ముఖం చూసి నోరు మూసుకున్నాను.

తర్వాత చాలా రోజులు ఆవిడ ఆ కాగితాల మీదే తప్పులు దిద్ది తెచ్చింది. అంతా అయిందనుకుంటుండగా, ఒక పొద్దున ఆయాసపడుతూ మెట్లెక్కింది.

"బుజ్జమ్మ వచ్చిందమ్మా! మిషన్ తుప్పు పట్టిపోతోందని బాగుచేయించి తెచ్చింది. బాగయ్యాక చూసి నేను సంతోషిస్తానని ముందు చెప్పలేదట. సాయంత్రం పుస్తకం చూడ్డానికి నాతో వస్తానంటోంది. ఇలా చదివిందంటే మళ్ళీ నా గడప తొక్కదు!"

"వెనక్కి మార్చేస్తే సరి," అన్నాను, అంతా తెలిసినట్టు.

టీచరమ్మ ఏడుపు ముఖం పెట్టింది. పుస్తకంలో నిజంగానే ఒక పక్కింటి పిల్ల ఉంది. వీళ్ళు చేసిన ప్రతి అల్లరినీ అమ్మకు మోసి, టీచరమ్మ వీపు చిట్లగొట్టించిన పిల్ల. వెనక్కి మారిస్తే ఆ చాడీలన్నీ బుజ్జమ్మ నెత్తిన పడతాయి. పాత కాపీ తెరిస్తే దిద్దుబాట్లన్నీ పోతాయి. ఒక్కొక్కటీ చదివి మార్చడం సాయంత్రానికి అయ్యే పని కాదు.

అక్క మాత్రం తీరిగ్గా కళ్ళజోడు తుడుచుకుంది.

"కంగారుపడకండి. ఆ రోజు మార్చినవాటికి ఆకుపచ్చ రంగు వేసి ఉంచాను. మన ప్రింటరుకు నలుపు తప్ప తెలీదు కాబట్టి మీకు కనపడలేదు. ఆకుపచ్చవన్నీ మీ బుజ్జమ్మలే. నల్లగా ఉన్నది అసలు పక్కింటి పిల్ల."

నేను నోరెళ్ళబెట్టాను. "ఎందుకు వేశావక్కా?"

"కోపంలో తీయించినవాళ్ళు మళ్ళీ వస్తారని. మా అన్నయ్యతో గొడవపడి ఆయన నంబరు ఫోనులోంచి తీసేశాను. తర్వాత ఆ నంబరు కోసం చుట్టాలందరి కాళ్ళూ పట్టుకున్నాను."

ఆకుపచ్చవాటిని మాత్రమే వెతికి మార్చమని కంప్యూటరుకు చెప్పింది. బుజ్జమ్మ తన చోటికి తాను వచ్చేసింది. టీచరమ్మ కుర్చీలో కూలబడి, "బతికించావు తల్లీ," అంటూ అక్క చెయ్యి పట్టుకుంది. నాకూ పోయిన ప్రాణం లేచొచ్చింది.

సాయంత్రం అక్కాచెల్లెళ్ళు వచ్చేసరికి మొదటి కాపీ సిద్ధం చేశాను. బుజ్జమ్మగారు నిలబడే పేజీలు తిప్పుతూ నవ్వారు, కళ్ళు తుడుచుకున్నారు. ఒకచోట ఆగి టీచరమ్మ వైపు తిరిగారు.

"అక్కా, ఈ చాడీలు చెప్పింది పక్కింటి పిల్ల కాదు. నేనే."

టీచరమ్మ పుస్తకం లాక్కుని ఆ పేజీ చూసింది. తర్వాత పగలబడి నవ్వింది, నవ్వుతూనే తల పట్టుకుంది.

"ఆ పిల్లతో అప్పట్నుంచీ మాట్లాడలేదే నేను! దాని నంబరు ఎవరి దగ్గరుందో ఏమో!"

అక్క మళ్ళీ ఫైలు తెరిచింది. నేను రెండో కాపీకి జిగురు రాయడం ఆపేశాను.