అయ్యగారి మీద పడ్డ మాట

పాప ఇప్పుడే పడుకుంది. మళ్లీ లేచేలోపు రాసేయాలి. పొద్దటి నుంచి ఎవరికీ చెప్పుకోలేకపోయాను.

మా పక్క వాటాలో చర్చి అయ్యగారు, ఆయన భార్య కిరాయికి ఉండేవారు. ఆయన సైకిల్ మీద నంగునూరు వైపు పల్లెలకు పోయి ఇంటింటి ప్రార్థన చేసేవారు. ముందుగా, ఆ ఇంట్లో లేనివాళ్లెవరని అడిగేవారు. బొంబాయికి పోయిన కొడుకు, దవాఖానలో ఉన్న ముసలమ్మ, అందరినీ పేరుపేరునా దేవునికి అప్పగించేవారు, గట్టిగా, గోడ అవతలికి వినిపించేలా.

అదే ఆయన మెడకు చుట్టుకుంది. ఒక ఇంటి పిల్లగాడు తుపాకీ పట్టి అడవిలో అన్నలతో కలిశాడు. తల్లి చెప్పుకుంటే అయ్యగారు వాడి పేరున ప్రార్థన చేశారు. తర్వాత కొద్దిరోజులకే పోలీసులు ఆ ఇంటిమీద పడ్డారు. అయ్యగారు ఇన్ఫార్మరని ఊరంతా పాకింది. అన్నలు వదలరని కబురొచ్చింది.

"పేర్లడుగుడు బంద్ చెయ్యరాదయ్యా," అన్నాను.

"పేరు లేని ప్రార్థన ఎవలికోసం చెయ్యాలె బిడ్డా?" అని నవ్వారు.

"నీ నవ్వుల మన్నువడ! రేపు నీ పేరు నేను ప్రార్థనల చదువుకోవాలె," అంది ఆయన భార్య.

ఆయన ఎవరికీ చెప్పలేదని ఆ తల్లి ఒక్క మాటంటే ఊరు నమ్ముతుంది, అన్నలూ నమ్ముతారు. అందుకే నిన్న మా ఆయన ఆఫీసుకు పోగానే పాపను చంకనేసుకుని వాళ్ల ఊరి బస్సెక్కాను.

ఆమె బీడీలు చుడుతూ అంతా విన్నది. "అయ్యగారు అసుంటోడు గాదు. నాకెర్కే."

"మరి గదే నలుగుర్ల చెప్పరాదమ్మా?"

"చెప్తె, నా కొడుకు అడవిల ఉన్నడని నా నోటితోనే ఒప్పుకున్నట్టు గాదా? పోలీసోళ్లకు చుట్టాలింటికి పోయిండనే చెప్తున్న. సదువుకున్నదానివి, నువ్వే చెప్పు బిడ్డా, ఏమనాలె?"

ఆమె మీద కోపం. కోపపడే హక్కు లేదని ఇంకా కోపం. వచ్చేటప్పుడు పాప చేతిలో బెల్లం ముక్క పెట్టింది.

ఈరోజు పొద్దున అయ్యగారు, ఆయన భార్య సామాను కట్టుకుని హైదరాబాదు బస్సెక్కారు. సాయంత్రం కంచం ముందు కూర్చుంటూ మా ఆయన అన్నాడు.

"ఏ తప్పు చెయ్యకపోతే ఎందుకు ఉరుకుతడు?"

"ఉంటే సంపుదురు గద!"

"గదే నేననేది. ఊకెనే ఎందుకు సంపుతరు?"

అన్నం గిన్నె ఆయన ముందుకు తోసి, వడ్డించకుండానే లేచి వచ్చాను.