వద్దనేవాడు లేని ఊరు

మాఘమాసం వచ్చిందంటే ఆర్మూర్ చుట్టుపక్కల ఊళ్ళలో గంగాకిషన్‌కు ఉన్నంత గిరాకీ ఎమ్మెల్యేకు కూడా ఉండదు. అతని ఊరికంతటికీ పసుపు ఉడకబెట్టే బాయిలర్ ఒక్కటే, అది అతనిదే. పసుపును తవ్వి, కడిగి, ఎండబెట్టి అమ్మేస్తారనుకునే అమాయకులు పట్నాల్లో బోలెడంత మంది ఉన్నారు. అంత తేలికైతే రైతుకు ఏడుపెందుకు? తవ్విన కొమ్మును వెంటనే ఆవిరి మీద ఉడికించాలి. ఆలస్యమైతే కొమ్ము మెత్తబడుతుంది, బూజు పడుతుంది, రంగు పోతుంది. తొమ్మిది నెలల చాకిరీ కల్లంలో కుప్పగా పడి కుళ్ళిపోతుంది.

గంగాకిషన్ మస్కట్‌లో ఒక హోటల్ లాండ్రీలో ఆవిరి బాయిలర్ దగ్గర పనిచేసి తిరిగొచ్చినవాడు. ఆ అనుభవంతోనే ఇక్కడ బాయిలర్ కొన్నాడు. కొన్న మొదటి ఏడాది దాని దగ్గరికి రావడానికి కూడా జనం జంకారు. మంట మీద కడాయిలో ఉడికితేనే పసుపు, డ్రమ్ములో ఆవిరి పడితే అదేం ఉడుకుడని నవ్వారు. అప్పుడు బండెడు కొమ్ములు తోలుకొచ్చి అతని ముందు కుప్ప పోసినవాడు దేవన్న.

"పోతే నా పంటే పోతది గదా. కానియ్ అల్లుడా, జూద్దాం," అన్నాడు దేవన్న. వరసకు మేనమామ అవుతాడు.

పంట పోలేదు. కొమ్ములు గట్టిగా, నిండు రంగుతో తేలాయి. ఆ ఏడు నుంచి గంగాకిషన్ ఒక్కటే పద్ధతి పెట్టుకున్నాడు. ఎవరు ముందు తవ్వితే వాళ్ళదే ముందు వంతు. పెద్ద ఆసామి నాగేందర్‌దైనా, బీడీలు చుట్టుకుంటూ ఇంత మడిచెక్క చేసుకునే భాగ్యవ్వదైనా సరే. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. గంగాకిషన్ నోరూ మంచిదే, చెయ్యీ మంచిదే. మరి ఎక్కడ చెడిందంటే, ఎన్నికల్లో చెడింది.

రెండు వేల పంతొమ్మిదిలో సర్పంచ్ ఎన్నికలు వచ్చాయి. నాగేందర్ నిలబడ్డాడు. గంగాకిషన్ అతని మనిషి, జెండా మోశాడు, ఇంటింటికీ తిరిగాడు. అందులో తప్పేమీ లేదు. ఇష్టమైనవాడి వెంట తిరగడానికే కదా ఎన్నికలు పెట్టింది. ఎదుటి పక్షం నుంచి దేవన్న నిలబడ్డాడు. అందులోనూ తప్పు లేదు. తప్పంతా నాగేందర్ ఇంటి అరుగు మీద పుట్టింది.

"ఊరందరిదొక దారైతే ఉలిపికట్టెదొక దారి. మన మీద నిలబడ్డోడు మనోడెట్లయితడు? మనోడు కానోడు ఊరోడే కాడు," అన్నాడు నాగేందర్.

మాట బాగుందని అందరూ తలలూపారు. గంగాకిషన్ కూడా ఊపాడు. అప్పటిదాకా దేవన్నను మామా అని పిలిచిన నోటితోనే ప్రచారంలో 'ఊరికి పట్టిన చీడ' అన్నాడు. అంటుంటే మస్తు హుషారుగా ఉండిందట. పక్కవాళ్ళు ఈలలు వేస్తుంటే మనిషికి తన నోరు తనది కాకుండా పోతుంది.

దేవన్న కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయాడు. ఓడినవాణ్ణి వదిలేస్తే ఊరు బాగుపడేది. వదల్లేదు. మాఘం రాగానే దేవన్న పసుపు తవ్వాడు. వంతు అతనిదే.

"గంగాకిషనూ, వాని పసుపు ముట్టకు. జర తెల్వాలె వానికి," అని నాగేందర్ ఒక్క మాట అన్నాడు. బెదిరించలేదు, కళ్ళెర్రజేయలేదు. గంగాకిషన్ కాదనుంటే పోయేది నాగేందర్ మెప్పు ఒక్కటే. కానీ అతడు కాదనలేదు. పైగా దేవన్న కల్లానికి తానే వెళ్ళి అబద్ధం చెప్పాడు.

"బాయిలర్ ఖరాబైంది మామా. పైపు పగిలింది. నిజామాబాద్ నుంచి మిస్త్రీ రావాలె."

"గట్లనా? ఏం ఫికర్ లేదు అల్లుడా. రెండొద్దులు ఆగుత," అన్నాడు దేవన్న. పైగా అతని భార్య వెంకవ్వ ఎండన పడి వచ్చాడని చల్ల పోసింది. గంగాకిషన్ ఆ చల్ల తాగాడు కూడా.

మర్నాడు పొద్దున్నే ట్రాక్టర్ వెనక కట్టిన బాయిలర్ నాగేందర్ చేలోకి వెళ్ళింది. నాగేందర్ చేనుకూ దేవన్న చేనుకూ మధ్య ఒక గట్టే అడ్డం. ఆవిరిని కొంగు చాటున దాచగలరా? తెల్లటి పొగ లేచింది, ఉడికే పసుపు వాసన ఊరంతా కమ్మింది. దేవన్న గట్టు మీదికి వచ్చి నిలబడ్డాడు.

"పైపు బాగైనట్టుంది గదా అల్లుడా. ఇంక నాదేనా?"

గంగాకిషన్ వినబడనట్టు పొయ్యిలోకి కట్టెలు తోశాడు. మంట బాగానే ఉంది, కట్టెల అవసరం లేదు. అయినా తోస్తూనే ఉన్నాడు. తలెత్తి చూసేసరికి గట్టు మీద ఎవరూ లేరు.

దేవన్న, వెంకవ్వ అటక మీది పాత కడాయి దించి సొంతంగా ఉడికించారు. అలవాటు తప్పిన పని. అడుగున మాడింది, పైన పచ్చిగా మిగిలింది. ఒక కుప్ప చేతికి రాకముందే కుళ్ళింది. ఆ వాసన గట్టు దాటి వచ్చి గంగాకిషన్ ముక్కుకు తగిలింది. ఆ రోజు అతనికి అన్నం సయించలేదు. అది సిగ్గని అతనికి అప్పుడే తెలుసు. తెలిసీ చెయ్యి కడుక్కుని లేచాడు, అంతే.

మరుసటి ఏడు అతనే కబురు పంపి దేవన్న పసుపును వంతులో ఉడికించాడు. 'తప్పయింది మామా' అనే మాట గొంతు దాకా వచ్చింది కానీ పెదవి దాటలేదు. దేవన్న కూడా ఏమీ అడగలేదు. అయితే ఊరు మాత్రం నేర్చుకోవలసింది నేర్చుకుంది. వంతు అడగడానికి వచ్చే ప్రతివాడూ ముందు ఒక మాట అనడం మొదలుపెట్టాడు.

"మేం మీ దిక్కే ఓటేసినం అన్నా," అనేవాళ్ళు. అందరూ ఆ మాటే అంటుంటే దేవన్నకు పడిన అన్ని ఓట్లూ ఎవరివో దేవుడికే తెలియాలి!

రెండు వేల ఇరవై ఐదు చివర్లో మళ్ళీ సర్పంచ్ ఎన్నికలు వచ్చాయి. రిజర్వేషన్ మారి నాగేందర్‌కు అవకాశం పోయింది. అతను గంగాకిషన్‌ను ముందుకు తోశాడు. గంగాకిషన్‌కు లోపల సంబరమే. నిలబడాలి, తిరగాలి, నలుగురి చేత ఓటు వేయించుకుని గెలవాలని ఉంది. నామినేషన్ వేశాడు. ఎదురుగా ఎవరూ వేయలేదు, వేసే జాడా లేదు.

"ఖర్సు తప్పింది పో, నీ అదృష్టం," అన్నాడు నాగేందర్.

ఇంట్లో కూతురు మానస మూతి ముడిచింది. డిగ్రీ చదువుతోంది, ఆ ఏడే ఓటు వచ్చింది. "నీ మీద ఎవ్వలు నిలవడ్తలేరంట గదా బాపూ. మరి నా ఓటు నేనెప్పుడెయ్యాలె?" అంది.

మర్నాడు ఆర్మూర్‌లో టీ తాగుతుంటే భీమ్‌గల్ వైపు నుంచి వచ్చిన స్వామి కలిశాడు. పాత దోస్తు, మస్కట్‌లో ఒకే గదిలో ఉన్నారు.

"మా ఊర్ల నలుగురు నిలవడి తలకాయ తింటున్నరు. నీ మీద ఒక్కడు గూడ లేడంట గదా! గంత మంచోనివెప్పుడైనవ్ రా?" అన్నాడు స్వామి.

స్వామి మెచ్చుకోలుగానే అన్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు గంగాకిషన్ ముఖం మాడిపోయింది. సగం టీ వదిలేసి బండి తీశాడు. తాను మంచివాడని కాదు, బాయిలర్ తనదని అందరూ ఊరుకున్నారు. ఆ సంగతి తనకు తెలుసు, ఊరికీ తెలుసు. ఊరికి తెలుసన్నదే ఎక్కువ కుంగదీసింది. నేరుగా దేవన్న ఇంటికి పోయాడు.

దేవన్న మంచం వాల్చి కూర్చోమన్నాడు. గంగాకిషన్ కూర్చోలేదు.

"మామా, ఇయ్యాల ఆఖరి రోజు. నువ్వు నామినేషనెయ్యి. నా మీద నిలవడు. నేనోడిపోయినా మంచిదే."

దేవన్న అతని వైపు ఎగాదిగా చూశాడు. ఇది ఏ పన్నాగమో అన్న చూపు అది. వెంకవ్వ తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.

"నిలవడ్తననుకో," అన్నాడు దేవన్న మెల్లగా. "మాఘంల నా పసుపెవరు ఉడకబెడ్తరు?"

"నేనే ఉడకబెడ్త మామా. గప్పుడు తప్పయింది. నీ కాళ్ళు మొక్కుత, తప్పయింది."

ఆరేడేళ్ళుగా గొంతులో ఉన్న మాట ఇప్పుడు బయటికొచ్చింది.

"నాకు ఉడకబెడ్తవ్, నమ్ముత," అన్నాడు దేవన్న. "నాకు ఓటేసినోళ్ళకు? అండ్ల ఎవలెవలున్నరో మీ నాగేందర్ అడుగుతడు గదా. గప్పుడు నా తోని ఉన్నోళ్ళు ఇప్పుడు నా ఇంటి ముందట నడుస్తలేరు అల్లుడా. పో, ఆలస్యమైతది. మంచిగ ఉండు."

సాయంత్రం గడువు ముగిసింది. తర్వాత నామినేషన్ల పరిశీలన తంతు కూడా ముగిశాక గంగాకిషన్ ఏకగ్రీవ సర్పంచ్ అయ్యాడు. పటాకులు పేలాయి, గులాల్ చల్లారు. ఊరంతా ఒక్కటైందని నాగేందర్ మైకులో చెప్పాడు. దండల కింద గంగాకిషన్ మెడ వంగింది. వినయమనుకుని జనం చప్పట్లు కొట్టారు.

మొదటి గ్రామసభ పంచాయతీ ముందు షామియానా కింద జరిగింది. మురికికాలువ నీళ్ళను ఎటు వదలాలన్నది ఆనాటి ముఖ్యమైన సంగతి. నాగేందర్ లేచి, దేవన్న చేను పక్క నుంచి వాగులోకి వదిలితే దగ్గర దారి అన్నాడు. దగ్గరే. కాకపోతే అది పల్లం. నీళ్ళు నిలిస్తే ఆ చేలో పసుపు వేళ్ళతో సహా కుళ్ళుతుంది. అది చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. అందరూ కుక్కిన పేనుల్లా కూర్చున్నారు.

"ఎవలన్న వద్దంటె చెప్పుండ్రి," అన్నాడు గంగాకిషన్. కళ్ళు దేవన్న మీదే ఉన్నాయి. నోరు తెరువు మామా, ఒక్క మాట అను, తిట్టు, కుర్చీ ఎత్తెయ్యి అని లోపల లోపల బతిమాలుకున్నాడు.

వెనక వరసలో దేవన్న చెయ్యి లేచింది. గంగాకిషన్ ప్రాణం లేచొచ్చింది.

"చెప్పు మామా!"

"నాకు సమ్మతమే సర్పంచ్ సాబ్," అన్నాడు దేవన్న.

అది చూసి మిగతావాళ్ళంతా చేతులెత్తారు. పంచాయతీ కార్యదర్శి పెన్ను తీసి తీర్మానం రాయడం మొదలుపెట్టాడు. గంగాకిషన్‌కు ఒళ్ళు మండింది. ఆ కోపం ఎవరి మీదో అతనికే తెలియలేదు. కుర్చీలోంచి లేచాడు.

"నేను వద్దంటున్న. గా నీళ్ళు గా చేను దిక్కు పోవద్దు. ఇంత మందిల ఒక్కడు గూడ వద్దనడా?"

ఒక్క క్షణం అందరూ నాగేందర్ ముఖం చూశారు. నాగేందర్ నవ్వి తలూపాడు.

"సర్పంచ్ సాబ్ వద్దన్నంక ఇంకేముంది? వద్దు," అన్నాడు నాగేందర్.

"వద్దు, వద్దు," అంది సభ. అవే చేతులు మళ్ళీ లేచాయి. భాగ్యవ్వ చెయ్యి లేచింది. వెనక వరసలో దేవన్న చెయ్యి కూడా, ఇందాక ఎంత ఎత్తుకు లేచిందో అంతే ఎత్తుకు లేచింది. ఆ ముఖంలో సంతోషం లేదు, కోపం లేదు. కార్యదర్శి రాసింది కొట్టేసి, ఏకగ్రీవంగా తిరస్కరించడమైనదని కొత్తగా రాసి, సంతకం పెట్టమని కాగితం గంగాకిషన్ ముందుకు జరిపాడు.