గొంగడికి లొంగని దద్దుర్లు

మా ఊళ్ళో ఎవరికి పిత్తం లేచి ఒంటినిండా దద్దుర్లు పొంగినా హౌసామావశి ఇంటికే పరిగెత్తేవాళ్ళు. ఊరందరికీ మావశి, అంటే పిన్ని; గొంగళ్ళు నేసే మనిషి. గొర్రెబొచ్చు వడికి, చింతగింజల గంజి పట్టించి, గుంటమగ్గం మీద నలభై ఏళ్ళుగా నేస్తోంది. మగ్గం పక్కన ఒక పాత నల్ల గొంగడి ఎప్పుడూ మడతపెట్టి ఉండేది. అది అమ్మడానికి కాదు. దద్దుర్లతో వచ్చినవాళ్ళను అందులో చుట్టి, పైనుంచి రుద్ది, పుల్లటి కోకం పండు తొక్కలు నానబెట్టిన నీళ్ళు పూసి పంపేది. ఏమీ తీసుకునేది కాదు. మర్నాటికి ఒళ్ళు నున్నబడేది.

నేను రసాయనశాస్త్రం చదువుకుని ఈ ఊరికి కోడలినై వచ్చాను. ఒక్కో దద్దురు కొన్ని గంటల్లో, మహా అయితే ఒక రోజులో, తనంతట తానే అణిగిపోతుందనీ, ఆ పేరు గొంగడికి దక్కుతోందనీ నాకు తెలుసు. అయినా మూడేళ్ళ మా రేవాకు జలుబు, జ్వరం తగ్గుతుండగా ఒళ్ళంతా ఎర్రటి తట్లు తేలిన రోజు, పిల్లను చంకనేసుకుని నేనూ అక్కడికే పోయాను.

"సైన్సు చదివిన కోడలు కూడా చివరికి గొంగడి కిందికే వచ్చిందే!" అని పక్కింటి తానూబాయి వాకిట్లోంచి నవ్వింది.

"నోర్ముయ్ తానీ, పిల్ల గీరుకుంటోంది," అంటూ హౌసామావశి చేతులు చాపింది. చీర మీద వేసుకున్న మగవాళ్ళ చొక్కా చెయ్యి మోచేతి దాకా జరిగింది. ఆ చేతి నిండా దద్దుర్లు. రేవా ఒంటి మీద ఉన్నవే, ఇంకా పెద్దవి. వాటి మీద గోళ్ళ గీతలు.

ఆమె చప్పున చొక్కా చెయ్యి దించుకుని రేవాను గొంగట్లో చుట్టింది. తానూబాయి వెళ్ళాక అడిగాను.

"ఎన్నాళ్ళయింది మావశీ?"

"ఏడు నెలలు. ఎవరితోనూ అనకు, పోరీ. గొంగడిదానికే పిత్తం లేస్తే నా గడప ఎవరు తొక్కుతారు?"

భర్త పోయాడు. పిల్లలు లేరు. దద్దుర్ల పిల్లల్ని ఎత్తుకొచ్చే తల్లులే ఆమెకు చుట్టాలు.

ఏడు నెలలుగా ఆమె రోజూ అదే గొంగడి చుట్టుకుంటోంది. ఒళ్ళు వేడెక్కి దురద ఇంకా పెరుగుతుంటే, ఇంకా గట్టిగా చుట్టుకుంటోంది. వంకాయ మానింది. ఎండుచేపలు, గుడ్లు, వేరుశనగలు, చివరికి పాలు కూడా మానింది. జొన్నరొట్టె, ఉప్పు మిగిలాయి. మగ్గం పట్టె ఆనిన చోటల్లా నడుం మీద బెత్తంతో కొట్టినట్టు వాతలు తేలుతున్నాయి. "మన సిద్ధనాథ దేవుడికి ఏం తప్పు చేశానో," అంటూ పొట్ట మీద గీరుకుంది. కళ్ళలో నీళ్ళు లేవు. నిద్రలేక అవి ఎండిపోయాయి.

చెప్పులు కొనడానికని తానూబాయికి చెప్పి, ఆమెను తాలూకా ఆసుపత్రికి తీసుకెళ్ళాను. చర్మవ్యాధుల డాక్టరు అన్నీ ఓపిగ్గా విన్నాడు. "ఇలా నెలల తరబడి వచ్చేవాటికి చాలామందిలో కారణం దొరకదమ్మా. మీరు మానేసిన తిళ్ళన్నీ తినండి. మోకాళ్ళకని మింగుతున్న నొప్పి గోళీ మాత్రం ఆపండి, అది వీటిని రెచ్చగొడుతుంది. వేడి, ఒత్తిడి తగలనివ్వకండి. ఈ మాత్ర దద్దుర్లు లేకపోయినా రోజూ వేసుకోవాలి. చాలకపోతే నేనే పెంచుతాను. పెదవో నాలుకో వాచినా, ఊపిరి ఆడకపోయినా ఇంట్లో ఒక్క నిమిషం ఆగొద్దు."

బస్సులో ఆమె మందుల చీటీ మడిచి కొంగున ముడేసుకుంది. తర్వాత, "కారణమే లేకపోతే నేనెవర్ని క్షమించమని అడగాలి?" అంది.

తొమ్మిది రోజులు మాత్ర వేసుకుంది. ఒళ్ళు చల్లబడగానే, లేని రోగానికి మందెందుకని మానేసింది. నాలుగో రోజుకి దద్దుర్లు మెడదాకా ఎక్కాయి. "చావైనా రాదే," అని నా ముందే గోడకు వీపు రాసుకుంది.

ఆ మర్నాడు మధ్యాహ్నం రేవాను కందిరీగ కుట్టింది.

పావుగంటలో ఒళ్ళంతా దద్దుర్లు. వాంతి చేసుకుంది. కింది పెదవి చూస్తుండగానే ఉబ్బింది. "ఆయీ" అని నన్ను పిలిస్తే ఆ గొంతు నా పిల్లది కాదు, బొంగురుగా ఎవరిదో. నేను చదివినదంతా ఎక్కడికి పోయిందో! తానూబాయి, ఇంకో ఇద్దరు పిల్లను నా చేతుల్లోంచి లాక్కుని హౌసామావశి ఇంట్లోకి పరిగెత్తారు. వాళ్ళే గొంగడి విప్పి పరిచారు.

హౌసామావశి రేవా నోరు చూసింది. గొంగడిని కాలితో అవతలికి తోసేసింది.

"ఇది దీనికి లొంగేది కాదు. పాలబండి ఆపండి, ఆసుపత్రికి పోవాలి!"

"వెర్రా నీకు అక్కా? ముందు చుట్టు, పిల్ల నీలమైపోతోంది!" అని తానూబాయి అరిచింది.

అప్పుడామె చొక్కా గుండీలు తెంపేసి, విప్పి నేలకేసి కొట్టింది. మెడ, చేతులు, నడుం, అంతా తట్లు తేలి ఉన్నాయి. "చూడండే! ఏడు నెలలుగా ఇందులోనే పడుకుంటున్నా. తగ్గిందా? తగ్గితే మీకు చెప్పనా?"

ఆడవాళ్ళు నోళ్ళు తెరిచి నిలబడ్డారు. ఆమె పిల్లను ఎత్తుకుని వీధిలో పాలబండికి అడ్డంగా నిలబడింది.

బండిలో క్యాన్ల మధ్య రేవాను పడుకోబెట్టి, నేను ఒక్కో ఊపిరీ చూస్తూ కూర్చున్నాను. ప్రతిదీ ఈల వేస్తున్నట్టు వస్తోంది. ఆసుపత్రిలో తొడలోకి ఒక సూదిమందు ఇచ్చారు. పది నిమిషాలకి పిల్ల ఏడ్చింది. మళ్ళీ తిరగబెట్టొచ్చని ఆ రోజంతా ఉంచుకున్నారు.

రేవా బతికింది. హౌసామావశి గడప మాత్రం ఖాళీ అయింది. తన పిత్తమే తగ్గించుకోలేనిదాని దగ్గరికి ఎవరొస్తారు? తానూబాయి కూడా ఇప్పుడు ఈ వాకిలి తొక్కకుండా వీధికి అటు పక్కనుంచే నడుస్తోంది. హౌసామావశి మాత్ర రోజూ వేసుకుంటోంది, డాక్టరు రెండుకు పెంచాడు. కొన్ని వారాలు ఒళ్ళు ఊరుకుంటుంది. కొన్ని వారాలు ఊరుకోదు. పట్టె మీద పాత చీర నాలుగు మడతలు వేసుకుని నేస్తోంది.

నిన్న నేను వెళ్ళేసరికి మగ్గం ఆపింది. చేతులు గీరుకుంటూ, వీధి వైపు చూస్తూ అడిగింది.

"పోరీ, పిల్లను రోజూ ఒకసారి తీసుకురా. దద్దుర్లు లేకపోయినా."