గాసి తెచ్చిన పన్ను

గాసి ఒకచోట కుదురుగా కూర్చున్నాడంటే ఒంట్లో బాగోలేదన్నమాటే. ముంచింగిపుట్టు దగ్గరి కొండమనిషి. మా భూగర్భ సర్వే క్యాంపులో తవ్వకం కూలీ, నేను గుమాస్తాని. గోదావరి ఒడ్డున రాక్షసబల్లుల ఎముకలు తవ్వినప్పుడూ మాతోనే వచ్చాడు. అక్కడ జల్లెడలో తేలిన చిటికెన వేలి గోరంత పన్ను చూసి, "మా గుంటకి కట్టుకుంటాను బాబూ" అన్నాడు. రాయే కదా అని తీసుకోమన్నాను. ఊళ్ళో చలిజ్వరంతో వణుకుతున్న కూతురు రత్నాలు మెడలో దాన్ని దారంతో కట్టాడు. జ్వరం తగ్గింది. ఇక ఆ దారం తియ్యలేదు.

రెండేళ్ళకి, డెబ్బై ఆరులో, అరకులో క్యాంపు వేశాం. ఒకరోజు మా ఆఫీసరు గణపతిరావు గారు టీ తాగుతూ విసుక్కున్నారు. "గోదావరి ఒడ్డున పెద్ద బల్లుల ఎముకలు బండల్లా మిగిలాయి. ఆ ఏడో గోతిలోని చిన్న బల్లిది మాత్రం ఒక్క కాలి ఎముకే! మిగతావి సన్నవి కదా, మట్టి కప్పేలోపే ఏరు ఈడ్చుకుపోయి పిండి చేసేసింది. ఒక్క పన్ను దొరికినా అది ఏం తినేదో తెలిసేది."

గాసి చేతిలో పార ఆగిపోయింది. ఆ రోజంతా గోతుల చుట్టూ తిరిగాడు, అన్నం ముట్టలేదు. "ఏటి సెయ్యాల బాబూ? ఆ పన్ను దాసీసినట్టయిపోనాది" అని నా ప్రాణం తోడేశాడు. "నోరు మూసుకుని పని చూడవయ్యా!" అని కసిరాను. నా ఉద్యోగం ఎక్కడ ఊడుతుందోనని భయం. మర్నాడు మనిషి లేడు. మూడో రోజు ఊరి నుంచి చెమటలు కక్కుతూ వచ్చి, కూతురి మెడలోని పన్ను సారు చేతిలో పెట్టాడు.

"తీసినకాడి నుంచి గుంట ఒళ్ళు ఎచ్చగుంది బాబూ. సూసి బేగి ఇచ్చీండి."

ఆయన ముఖం వెలిగిపోయింది. "ఏ గోతిలోది?"

గాసి నా పేరు ఎత్తలేదు. "తెల్దు బాబూ."

"అయ్యో! ఏ గోతిలోదో తెలియకుండా ఏ జంతువుదని చెప్పను? ఇక ఇది ఉత్త రాయి. తీసుకుపో" అని చెయ్యి చాపారు.

గొయ్యి చెబితే ఎవరు తీసుకోమన్నారని అడుగుతారని, నా కోసం అబద్ధమాడాడు. సిగ్గుతో చచ్చిపోయాను. నా నోరు పడ! "ఏడో గొయ్యి సార్, కాలి ఎముక దొరికిన గొయ్యే. తీసుకోమన్నది నేనే" అనేశాను.

సారు చాపిన చెయ్యి వెనక్కి పోయింది. పన్ను మీద పిడికిలి బిగిసింది.

"సోటు తెలిసిపోనాది కదా బాబూ, ఇంక ఇచ్చీండి" అన్నాడు గాసి. "గుంట ఎదురు సూత్తంది."

ఆయన పిడికిలి విప్పలేదు. గాసి చెయ్యి చాపి అలాగే నిలబడ్డాడు.